నెమలికంఠం కారూ, ఎల్డెన్ బావ ఎడమకాలూ

మా బావ ఎల్డెన్ బాడెన్‌హాప్‌కి మొండితనం పుట్టుకతో వచ్చింది. ఆయన ఎడమకాలికి మాత్రం డెబ్బై దాటాక వచ్చింది. ఈ రెండు మొండితనాల మధ్య మా అక్క డెల్ఫీన్ ఒక వేసవంతా ఎలా నలిగిందో దగ్గరుండి చూసినదాన్ని నేను. నా పేరు లియోనా. అక్కకి ఒక్కగానొక్క చెల్లెల్ని, బావకి ఒక్కగానొక్క విరోధిని. రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపాను. బస్సెడు పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన నా గొంతు బావ దగ్గర ఏనాడూ పని చెయ్యలేదు.

బావ పల్లె రూటు పోస్టుమాను. టౌను పోస్టుమానుకి తపాలా ఆఫీసే బండి ఇస్తుంది, దానికి స్టీరింగు కుడివైపున ఉంటుంది. పల్లె రూటువాడు సొంత కారు తెచ్చుకోవాలి. ఇంటింటి ఉత్తరాల పెట్టెలేమో రోడ్డుకి కుడి అంచున, మా అమెరికా కార్లలో స్టీరింగేమో ఎడమవైపున. అందుకని ఆ ఉద్యోగంలో అందరూ చేసేదే బావా చేశాడు. కుడి సీట్లో కూర్చునేవాడు. ఎడమకాలు అటువైపు బారచాపి బ్రేకూ యాక్సిలరేటరూ తొక్కేవాడు. ఎడమచేత్తో స్టీరింగు, కుడిచేత్తో ఉత్తరాలు. ఇలా నడుము మెలితిప్పుకుని ముప్పై ఏళ్ళకి పైగా మా ఒహాయో మొక్కజొన్న చేల మధ్య తిరిగాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎదురుపడితే డ్రైవరు లేని కారు వస్తోందని హడలిపోయేవాళ్ళు. ఆ కూర్చోవడమే ఆయన నడుమునీ మోకాలినీ తినేసిందని నా నమ్మకం. డాక్టరు కూడా కాదనలేదు.

టపా ఉన్న కారులో ఇంకో మనిషి ఎక్కకూడదని నియమం. బావకి నియమమంటే నియమమే. ఒకసారి మంచు తుఫానులో అక్క కారు చర్చి మలుపులో కూరుకుపోయింది. అటుగా వచ్చిన బావ అద్దం దించి, "లోపలే కూర్చో డెల్ఫీ. హీటరు ఆపకు. రూటు అయ్యాక వస్తా," అని చెప్పి సాగిపోయాడు. అక్క చలికి వణుకుతూ మధ్యాహ్నమంతా ఆ కారులోనే కూర్చుంది. ఆ రాత్రి బావ సూపులో ఉప్పు పడలేదు, మర్నాడూ పడలేదు.

అక్కని ఎక్కించుకోలేడు కాబట్టి రూటునే ఇంటికి తెచ్చేవాడు. మావాళ్ళు పొద్దుండగానే రాత్రి భోజనం కానిచ్చేస్తారు. ప్లేటు ముందు కూర్చున్న దగ్గర్నుంచి బావ మొదటి పెట్టెతో మొదలుపెట్టి ఒక్కొక్క ఇల్లే చెప్పుకుంటూ పోయేవాడు. బేన్‌ఫెల్ట్ ముసలావిడ బాతు చెయ్యి కొరికింది, ఫలానా చోట బాదం రంగు ఆవు ఈనింది, ఎమిల్ రెటిగ్ విత్తనాల కేటలాగు ఇంకా రాలేదని అలిగాడు. అక్క చిక్కుళ్ళు తుంచుతూనో, చొక్కాకి గుండీ కుడుతూనో "ఊఁ" కొడుతుండేది. నేను వాళ్ళింట్లో ఎన్నిసార్లు భోంచేశానో లెక్కలేదు. అక్క అందులో పావు వంతయినా వింటోందా అని నాకే అనుమానంగా ఉండేది.

బావకీ ఉండేది ఆ అనుమానం. ఒకసారి బాహాటంగానే అన్నాడు.

"మీ అక్కకి నా మాటలంటే రేడియోలో వాతావరణ వార్తలే, లియోనా. అటు వస్తూనే ఉండాలి, ఇటు చెవిన పడక్కర్లేదు."

"నీ మాటల్లో వాన ఎప్పుడు ఆగుతుందో చెప్పరు కదా బావా, అందుకని," అన్నాను.

అందుకే రిటైరయ్యాక ఒక్కటంటే ఒక్క కోరిక పెట్టుకున్నాడు. తన రూటు మొత్తం, మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా, అక్కని తిప్పి చూపించాలి. తను డ్రైవరు సీట్లో కూర్చోవాలి. అక్క తన పక్కన కూర్చోవాలి. అంతే. వినడానికి ఎంత చిన్న కోరికో చూశారా. దానికి పద్నాలుగేళ్ళు పట్టింది, ఎందుకంటే ఆ తిప్పడం తను బాగుచేసుకునే థండర్‌బర్డ్ అనే పాత కారులోనే జరగాలని పంతం పట్టాడు.

"మన బ్యూకు కారులో ఆదివారం వెళ్ళొచ్చేద్దాం పద, ఒక పని అయిపోతుంది," అంది అక్క మొదట్లోనే.

"బ్యూకులో వెళ్తే పాత పోస్టుమాను వచ్చాడంటారు. థండర్‌బర్డ్‌లో వెళ్తే బాడెన్‌హాప్ దంపతులొచ్చారంటారు," అన్నాడు బావ. అక్క మళ్ళీ బ్యూకు ఊసెత్తలేదు. లోపల్లోపల మురిసిపోయిందని నాకు తెలుసు.

ఆ కారు కథ ఓట్టో గెర్కెన్ షెడ్డులో మొదలైంది. ఓట్టో పెట్టెలో ఉత్తరాలు వేసేటప్పుడు షెడ్డు చెక్కల సందులోంచి ఒక కారు ముక్కు బావకి కనిపించేది. ఓట్టో వాళ్ళన్న సైన్యం నుంచి వచ్చిన కొత్తలో మోజుపడి కొన్న యాభై ఆరు మోడల్ థండర్‌బర్డ్ అది. టాపు వెనక్కి మడిచేసుకునే రకం, రెండే సీట్లు. ఆయనకి పెళ్ళయి పిల్లలు పుట్టుకొచ్చాక రెండు సీట్ల కారు ఎందుకూ కొరగాక షెడ్డులో తోసేశారు. ప్రతి క్రిస్మస్‌కీ బావ అడిగేవాడు.

"ఆ కారు నాకివ్వకూడదా ఓట్టో?"

"అందులో నా కోళ్ళు కాపురముంటున్నాయి. వాటినెక్కడికి పొమ్మంటావు?"

చాలా క్రిస్మస్‌లు ఇదే సంభాషణ. చివరికి ఓట్టోకే విసుగొచ్చి, "వాటికో ఇల్లు కట్టిపెట్టి నీ కారు నువ్వు తోలుకుపో," అన్నాడు. బావ ఆ శరదృతువులో శనివారాలన్నీ సుత్తి పట్టుకుని ఓట్టో దొడ్లోనే గడిపాడు. మా కౌంటీలో కర్టెన్లున్న కోళ్ళగూడు అదొక్కటే. కర్టెన్లు కుట్టింది అక్క.

కోళ్ళు ఖాళీ చేశాక చూస్తే కారులో కారు తక్కువ, తుప్పు ఎక్కువ. సీటులో గుడ్లు, స్టీరింగు మీద రెట్టలు. అడుగు రేకు లేనేలేదు, కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనుతాయి. బావ దాన్ని తన షెడ్డుకి తెచ్చి బోల్టు బోల్టుగా విప్పాడు. అక్క పీచ్ పండ్లు నిలవపెట్టుకునే గాజు సీసాలన్నీ బోల్టులతో నిండిపోయి, ఒక శీతాకాలం మా ఎవరికీ పీచ్ పండ్లు లేవు. గురువారం గురువారం బావ స్నేహితుడు హార్లన్ డెల్వెంతాల్ వచ్చేవాడు. వెల్డింగ్ పనిలో జీవితం గడిపినవాడు, మాట పెళుసు, చెయ్యి మెత్తన. ఇద్దరూ కలిసి పని చేసిన దానికంటే వాదించుకున్నదే ఎక్కువ. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలని బావ పట్టు. ఒక్క బోల్టు అటూ ఇటూ అయినా ఒప్పుకోడు.

అక్కకీ బావకీ పిల్లలు కలగలేదు. "రెండు సీట్లు మాకు సరిగ్గా సరిపోతాయి," అని అక్క అనేది. నవ్వుతూనే అనేది. నేను మాత్రం అప్పుడు వేరే వైపు చూసేదాన్ని.

కారు పూర్తయ్యాక షెడ్డు తలుపులు తీసి చూపించినరోజు నేను కూడా వేళాకోళం మరిచిపోయాను. ఒళ్ళంతా నెమలికంఠం రంగు. కంపెనీవాళ్ళు కూడా ఆ రంగుకి నెమలి పేరే పెట్టారు. లోపల తెలుపూ నీలం కలిపి కుట్టిన పొడుగాటి సీటు, వెనక బంపరు మీద నిలువుగా కూర్చోబెట్టిన స్టెప్నీ. హార్లన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అక్క దగ్గరికెళ్ళి తలుపు మీద చెయ్యి వేసి, "ఎల్డెన్, దీని ముందు నా ముఖం ఎవరు చూస్తారు?" అంది.

"నేను చూస్తాగా," అన్నాడు బావ. నా ఎదురుగా అంత మాట అనడం అదే మొదలు.

కారు పని పూర్తయింది. సరిగ్గా అదే ఏడాది బావ మోకాలి పనీ పూర్తయింది. ఎడమ మోకాలు మార్పించుకున్నాడు, అందులో చీము పట్టింది, మళ్ళీ కోశారు, మళ్ళీ పట్టింది. మూడోసారి డాక్టర్లు ఇంక లాభం లేదని లోపల కడ్డీ పెట్టి కాలు నిలువుగా బిగించేశారు. నొప్పి పోయింది. మడత కూడా పోయింది. తొడ దగ్గర్నుంచి మడమ దాకా ఒకే కర్ర.

"క్లచ్చు లేని బండి అయితే కుడికాలు చాలు, నిక్షేపంగా నడుపుకోవచ్చు," అన్నాడు డాక్టరు. బావ ముఖం వెలిగిపోయింది. నిజమే, థండర్‌బర్డ్‌కి క్లచ్చు లేదు. నడపడానికి ఏ అడ్డూ లేదు. ఎక్కడానికే అడ్డు.

ఆ కాలపు ఫ్యాషన్‌కి ముందు అద్దం రెండు పక్కలకీ వంపు తిరిగి ఉంటుంది. దాన్ని మోసే కమ్మీ తలుపు సందులోకి పొడుచుకొస్తుంది. పడుచువాళ్ళు కూడా ఎక్కేటప్పుడు మోకాలు దానికి కొట్టుకుని అబ్బా అనాల్సిందే. ఎక్కాలంటే ఎడమకాలు గుండెల దాకా మడిచి ఆ కమ్మీ చుట్టూ తిప్పి లోపల పెట్టుకోవాలి. మడత పడని కాలితో అది అయ్యే పని కాదు. పైన ఆ పెద్ద స్టీరింగు ఒకటి. బావ ముందు నుంచి ప్రయత్నించాడు, వెనక నుంచి ప్రయత్నించాడు. బయట వేలాడే కాలు వేలాడుతూనే ఉంది.

"ఆ కమ్మీ రవ్వంత కోసి వెనక్కి జరిపి అతికించేస్తా. ఎవడికీ తెలీదు," అన్నాడు హార్లన్.

"నాకు తెలుస్తుంది," అన్నాడు బావ. "దాన్ని కొయ్యడం కంటే నా కాలు కొయ్యడం నయం."

"తొందరపడకు బావా, ఆ డాక్టరు నిజంగానే వస్తాడు," అన్నాను.

తరవాతి గురువారం హార్లన్ ఇంకో ఉపాయంతో వచ్చాడు. ఇంజనుని ఎత్తి దించడానికి వాడే చెయిను కప్పీ షెడ్డులోనే ఉంది కదా. టాపు తీసేసి, బావని వెడల్పాటి బెల్టులతో కట్టి, పైకి లేపి, పైనుంచి సీట్లోకి దించేద్దామన్నాడు. మామూలు బుద్ధి ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. బావ ఒప్పుకున్నాడు. నేను కారుకి ఒక పక్క, అక్క ఒక పక్క నిలబడ్డాం. హార్లన్ చెయిను లాగుతుంటే బావ నెమ్మదిగా నేల వదిలాడు.

"కదలకు ఎల్డెన్!"

"కదలడానికి నా చేతిలో ఏముందిరా, గాల్లో ఉన్నాను!"

అప్పుడే మా పాస్టరుగారు చర్చిలో చేపల విందుకి పిలవడానికి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. కాసేపు పైకి చూసి, "ఎల్డెన్, పైకి వెళ్ళడానికి నా ద్వారా ప్రయత్నించి ఉండాల్సింది," అన్నారు. నేను పగలబడి నవ్వాను. హార్లన్ కూడా నవ్వాడు. నవ్వేసరికి చెయిను జారి బావ ఒక్క ఊపు ఊగాడు. ఆ నిటారు కాలి బూటు మడమ వెళ్ళి అద్దం చుట్టూ ఉన్న క్రోము పట్టీకి తగిలి కీచుమంది.

"దించండి! గీత పడింది! దించండి నన్ను!"

దించాం. బెల్టులు విప్పకముందే బావ కుంటుకుంటూ వెళ్ళి ఆ గీతని బొటనవేలితో తడిమి చూశాడు. వెంట్రుకంత గీత. కారు మీద దుప్పటి కప్పమని హార్లన్‌కి చెప్పి, చంకకర్రలు తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రోజులు ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే నాకే భయం వేసింది. వసపిట్టలాంటి మనిషి భోజనం దగ్గర కిమ్మనకుండా కూర్చునేవాడు. అక్క ఆ నిశ్శబ్దం భరించలేక ఒకనాడు నా ముందే అడిగేసింది.

"నేను నడుపుతా ఎల్డెన్. అటువైపు స్టీరింగు లేదు, కాస్త తంటాలు పడితే నువ్వు ఎక్కగలవు. పక్కన కూర్చో. రూటంతా తిరిగొద్దాం."

"ఆ పక్క సీట్లో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను డెల్ఫీ. మళ్ళీ కూర్చోను. ఎక్కితే డ్రైవరుగానే ఎక్కుతా. లేకపోతే లేదు."

"లేకపోతే లేదు అంటే?"

"టోలెడో ఊళ్ళో ఒకాయన కారు అడుగుతున్నాడు. శనివారం వచ్చి చూసుకోమన్నా. నచ్చితే తీసుకుపోతాడు."

అక్క చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను. "అది నీ ఒక్కడి కారా?" అని మాత్రం అంది. నాకు బావ మీద ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళు ఆశపెట్టి, ఇప్పుడు ఒక సీటు మీద పంతంతో రెండు సీట్లూ ఊడ్చేస్తున్నాడు. కాని ఆ ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బంగాళాదుంపల సలాడ్ చేసి అక్కకి ఇద్దామని వెళ్ళాను. ఇంట్లో బావ సోఫాలో గురక పెడుతున్నాడు. అక్క లేదు. షెడ్డులోంచి దబ్బుమని చప్పుడు, వెంటనే అక్క గొంతుతో ఒక మాట వినిపించాయి. ఆ మాట లూథరన్ చర్చిలో పెరిగిన ఆడది అనదగింది కాదు. పరిగెత్తాను.

కారు మీద దుప్పటి తీసేసి ఉంది. టాపు మడిచి ఉంది. మా అక్క, డెబ్బై నిండిన మా అక్క, కారు సీటు మీద అడ్డంగా వెల్లకిలా పడి ఉంది. ఆమె ఎడమకాలికి చీపురుకర్ర కట్టి ఉంది. తొడ దగ్గర ఒక ఏప్రన్ నాడాతో, చీలమండ దగ్గర ఇంకో ఏప్రన్ నాడాతో, మోకాలు మడవకుండా గట్టిగా. ఆ కాలు గాల్లోకి లేచి ఉంది.

"అక్కా! ఏంటే ఈ అవతారం!"

"అరవకు. ఆయన లేస్తాడు. నా భుజం పట్టుకుని లేపు."

"నడుం విరిగితే నీకూ కడ్డీ పెడతారు!"

"విరగదులే. ఇప్పటికి ఏడెనిమిది రకాలుగా పడ్డాను, ఏదీ విరగలేదు. దారి దొరికిందే లియోనా, చూడు."

చూపించింది. కుడి తలుపు తీసి, కారుకి వీపు పెట్టి, సీటు అంచున కూర్చుంది. సీటు మీద ముందే ఒక చెత్త వేసుకునే ప్లాస్టిక్ సంచి పరిచి పెట్టింది. దాని మీద వెనక్కి వెనక్కి జరిగింది. ఆ పొడుగాటి సీటుకి మధ్యలో అడ్డు లేదు, సంచి సర్రున జారింది. డ్రైవరు తలుపుకి వీపు ఆనేదాకా జరిగాక కర్ర కట్టిన కాలు మొత్తం కారు లోపలికి వచ్చేసింది. స్టీరింగుని ముందుకి నొక్కింది, ఆ కారులో అది వేలెడంత లోపలికి పోతుంది. తరవాత ఒళ్ళు ముందుకి తిప్పింది. కాలు గేరు మీదుగా వెళ్ళి స్టీరింగు కిందకి, డ్రైవరు కాళ్ళుండే గోతిలోకి దిగి, తిన్నగా, సుఖంగా పడుకుంది. అక్క రెండు చేతులూ స్టీరింగు మీద వేసి నావైపు చూసింది. జుట్టంతా రేగిపోయింది, మోచెయ్యి గీరుకుపోయింది.

గుమ్మంలో చంకకర్ర టకటకలాడింది. బావ ఎప్పుడొచ్చాడో, ఎంత చూశాడో తెలియదు. ఆయన కళ్ళు చీపురుకర్ర మీద ఉన్నాయి. ముందు నవ్వాడు. నెలరోజులుగా మూసుకుపోయిన నోరు ఒక్కసారిగా తెరుచుకుని షెడ్డు దద్దరిల్లేలా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైపోయింది. నేను సలాడ్ గిన్నె పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాను.

"డెల్ఫీ, ఆ పక్క నేను..." అని ఏదో అనబోయాడు.

"ఆ పక్క కూర్చోనన్నావు. కూర్చోవద్దు," అంది అక్క. "దాటి వెళ్ళు చాలు."

అప్పుడే అక్కడే ఎక్కించాం. మొదటిసారి బావకి చెమటలు పట్టాయి, రెండోసారి కొంచెం తేలికైంది, మూడోసారి తనంతట తనే ఎక్కాడు. క్రోము పట్టీకి ఇంకో గీత పడింది. చూశాడు, ఊరుకున్నాడు. టోలెడో ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పే పని నాకు అప్పగించారు. నేను చాలా మర్యాదగా చెప్పానని నా ఉద్దేశం. అక్క మాత్రం కాదంటుంది.

ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరారు. రెండు సీట్ల కారులో మూడో మనిషికి చోటుండదు, చంకకర్రలకీ ఉండదు. అందుకని కర్రలు వేసుకుని నేను వెనక నా ట్రక్కులో. ఆగస్టు నెల, రెండు పక్కలా మొక్కజొన్న మనిషి ఎత్తు దాటి ఉంది. ముందు రెండు తలలు. బావ నెరిసిన తల మీద పోస్టాఫీసు రోజుల టోపీ, అక్క తలకి కట్టుకున్న పసుపు రంగు స్కార్ఫు. ఇద్దరికీ చెవుడు వచ్చేసింది, పైన టాపు లేదు, కాబట్టి ఒకళ్ళకొకళ్ళు అరుచుకుంటున్నారు. అద్దం దించుకున్న నాకు ప్రతి మాటా వినబడింది.

మొదటి పెట్టె దగ్గర బావ బండి నెమ్మది చేశాడు. పెట్టె అక్క చేతికి అందేంత దగ్గరగా ఆపాడు. గొంతు సవరించుకుని, గైడులా చెయ్యి చాపి, "ఇదిగో డెల్ఫీ, ఈ ఇంట్లోనే..." అని మొదలుపెట్టాడు.

"బాతు," అంది అక్క.

"ఏంటీ?"

"బేన్‌ఫెల్టావిడ బాతు. నీ కుడిచెయ్యి కొరికింది, చిటికెన వేలి దగ్గర. తరవాత ఆవిడ దాన్నే కోసి కూర వండి, నీకో డబ్బాలో పెట్టి పెట్టెలో ఉంచింది. నువ్వు తినలేకపోయావు. పాపం అన్నావు."

బావ బండి కదిలించాడు. రెండో పెట్టె దగ్గర ఈసారి తను మొదలుపెట్టలేదు. ఆపి, అక్కవైపు చూశాడంతే.

"ఇక్కడ కవలపిల్లలు. తమ పెట్టె దగ్గర పోస్టుమాను ఆగడం లేదని వాళ్ళకి వాళ్ళే ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. ఇద్దరిలో పొట్టిది ఇప్పుడు నర్సు." వంతెన దాటాక అడక్కుండానే చెప్పింది. "అదిగో, ఆ ఎర్ర కొట్టంలో బాదం రంగు ఆవు. నువ్వు దూడ కాళ్ళు పట్టుకుని లాగావు. ఆ రోజు టపా మీద ఏదో అంటుకుందని పోస్టుమాస్టరు తిట్టాడు." మలుపు మలుపుకీ అక్క చెప్పుకుంటూ పోతోంది. పేర్లు, కుక్కల పేర్లు, ఎవరింట్లో ఎవరికి కీళ్ళనొప్పులో. ఆ ఇళ్ళలో సగం అక్క జన్మలో చూడలేదు. వింటూ వింటూ నేను ట్రక్కుని మొక్కజొన్నలోకి పోనిచ్చినంత పని చేశాను. బావ పరిస్థితి నాకంటే అన్యాయంగా ఉంది. చూపించడానికి వచ్చినవాడు చూస్తూ కూర్చున్నాడు.

రెండు రోడ్లు కలిసే చోట, తలుపులకి చెక్కలు కొట్టేసిన ఒక తెల్లటి ఇంటి ముందు అక్క చెయ్యెత్తి ఆపమంది. బావ ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. చాలాసేపు కదలకపోయేసరికి బండికి ఏమైనా అయిందేమోనని నేను దిగి వెళ్ళాను.

"ఇది ఎమిల్ రెటిగ్ ఇల్లు," అంటోంది అక్క. ఇప్పుడు అరవడం లేదు. "విత్తనాల కేటలాగు ఎమిల్. రోజూ చెప్పేవాడివి ఇతని గురించి. ఒక మార్చి నెలలో, భోజనం దగ్గర, చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఈ కూడలి దాకా వచ్చావు, ఇతన్ని దాటేసి పక్కింటికి వెళ్ళిపోయావు. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ ఈ ఇంటి దగ్గర ఆగలేదు. ఇక్కడేదో అయిందనుకున్నా ఎల్డెన్. నువ్వే చెప్తావని చూశాను."

బావ స్టీరింగుని రెండు చేతుల్తో పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"ముందురోజు టపా పెట్టెలోనే ఉండిపోయింది," అన్నాడు చివరికి. "కారు ఆపి లోపలికెళ్ళా. వంటింట్లో కుర్చీలో కూర్చునే పోయాడు. ముందు కాఫీ కప్పుంది. ఆయనకి నేను తప్ప రోజూ పలకరించే మనిషి లేడు డెల్ఫీ. పోలీసు షెరీఫ్ వచ్చేదాకా పక్కన కూర్చున్నా. ఆ రోజు టపా ఆలస్యమైంది. ఇంటికొచ్చి చెప్దామనుకున్నా. చెప్తే నువ్వు ఊఁ అంటావేమోనని భయమేసింది."

అక్క ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఏమీ అనలేదు, ఊఁ కూడా అనలేదు.

"అన్నీ విన్నావా?" అని అడిగాడు బావ. "అన్నేళ్ళూ?"

"మరి ఎదురుగా కూర్చున్నది ఎవరనుకున్నావు?"

నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి ఎప్పుడూ విచారించలేదు, ఇప్పటికీ మామూలుగా విచారించను. ఆ కూడలిలో నిలబడ్డప్పుడు మాత్రం కాస్త విచారించాను. వాళ్ళు నన్ను చూడనే లేదు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి నా ట్రక్కులో కూర్చున్నాను.

కాసేపటికి ఇంజను మోగింది. కళ్ళకి గంతలు కట్టినా ఆ రూటులో తప్పిపోని మనిషి, కూడలి దాకా నెమ్మదిగా వచ్చి, బండి ఆపి, అక్కవైపు తిరిగాడు.

"ఇప్పుడెటు డెల్ఫీ?" అని అరిచాడు.

"ఎడమకి," అంది అక్క.

బావ ఎడమకి తిప్పాడు.